అంకెల్లో దాగిన ఊరు: పలాస పప్పు, రైన్ ద్రాక్ష

పలాస పక్కనే ఉన్న కాశీబుగ్గలో జీడిపప్పు దుకాణం ముందు నిలబడితే డబ్బాల మీద అంకెలు కనిపిస్తాయి. 180, 210, 240, 320. వాటి పక్కన బద్ద, ముక్క. పెళ్లి సామాన్లకని మొదటిసారి వచ్చినవాళ్లు ఇవి రకాల పేర్లనుకుంటారు. అంకె పెద్దదైతే సరుకు కూడా గొప్పదే అయి ఉంటుందనుకుంటారు. లెక్క తిరగేసి ఉంటుంది. అన్నిటికన్నా ఖరీదు 180ది. అందరూ ఎక్కువగా కొనేది 320. ఆ అంకె చెప్పే సంగతి ఒక్కటే: ఒక పౌండు తూకానికి ఎన్ని గుండు పప్పులు వస్తాయని.

పౌండంటే 453.6 గ్రాములు. 240 రకమంటే ఆ తూకంలో 220 నుంచి 240 గుండ్లు ఉండాలి. 320 అంటే 300 నుంచి 320. గుండు ఎంత పెద్దదైతే పౌండుకు అన్ని తక్కువ తూగుతాయి కాబట్టి అంకె తగ్గుతున్నకొద్దీ ధర పెరుగుతుంది. దీన్ని ఎవరైనా ఇంట్లో సరిచూసుకోవచ్చు. వంద గ్రాములు తూచి, పళ్లెంలో పోసి లెక్కపెట్టండి. 240 రకమైతే 48 నుంచి 53 దాకా రావాలి. 320 అయితే 66 నుంచి 70. 240 ధర ఇచ్చి తెచ్చుకున్న పొట్లంలో వంద గ్రాములకు అరవై గుండ్లు వచ్చాయంటే అందులో చిన్నవి కలిశాయన్నమాట. దుకాణదారుడితో వాదించడానికి ఇంతకన్నా గట్టి ఆధారం అక్కర్లేదు.

మన సంతల్లోంచి వీశెలూ మణుగులూ పోయి కిలోలు వచ్చి అరవై ఏళ్లు దాటింది. పలాస పప్పు రకాన్ని మాత్రం ఇప్పటికీ పౌండు లెక్కనే పిలుస్తున్నాం. ఎక్కడి పౌండు ఇది? ఉద్దానం తోటల్లో రాలిన పిక్కకు ఆ లెక్క ఎలా అంటుకుంది?

జీడిమామిడి బ్రెజిల్ చెట్టు. 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు మన పడమటి తీరానికి తెచ్చారు. ఇసుక నేలల్లోనూ, ఎర్ర గరప నేలల్లోనూ పెద్దగా నీళ్లడగకుండా బతికే చెట్టు కావడంతో తూర్పు తీరానికీ పాకింది. పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం వైపు కొబ్బరి పక్కన జీడి, జీడి పక్కన పనస ఉండే ఉద్దానం అలా తయారైంది. ఇటు సీతంపేట, పార్వతీపురం కొండల మీద సవర రైతుల పోడు భూముల్లోకి గిరిజనాభివృద్ధి సంస్థలైన ఐటీడీఏల ద్వారా జీడి మొక్కలు వెళ్లాయి. చెట్టు వచ్చి వందల ఏళ్లయినా, పప్పు ప్రపంచ సరుకైంది మాత్రం గత వందేళ్లలోనే.

ఆ మలుపు కేరళలోని కొల్లంలో వచ్చింది. 1920లలో అక్కడ జీడిపప్పును పెద్ద ఎత్తున ఒలిచి అమెరికాకు పంపడం మొదలుపెట్టారు. మొదట చెక్కపెట్టెల్లో కాగితం పరిచి పంపేవాళ్లు. నెలల తరబడి సముద్రం మీద ప్రయాణం. దిగేసరికి పప్పు పురుగుపట్టేది. దానికి దొరికిన విరుగుడు ఈ వ్యాపారానికే ప్రాణం పోసింది. పప్పును రేకు డబ్బాలో నింపి, లోపలి గాలిని లాగేసి, బొగ్గుపులుసు వాయువు నింపి, మూత అతికేయడం. దీన్ని వీటా ప్యాక్ అన్నారు. గాలి లేనిచోట పురుగు బతకదు, నూనె కారు వాసన కొట్టదు. ఆ డబ్బా కిరసనాయిలు డబ్బా కొలతది, నాలుగు గ్యాలన్లు. అందులో పట్టే పప్పు 25 పౌండ్లు. ఈ రోజుకీ ఎగుమతి లెక్కల్లో కనిపించే 11.34 కిలోలనే వింత తూకం అక్కడినుంచి వచ్చిందే.

డబ్బా నిలవ ఉంటుంది సరే, లోపల ఏముందో కొనేవాడికి తెలిసేదెలా? న్యూయార్కులో ఉన్న వర్తకుడు కొల్లం గోదాములో చెయ్యిపెట్టి చూడలేడు. నోట్లో వేసుకోలేడు. ఉప్పు చల్లి డబ్బాల్లో అమ్మేవాడికి గుండ్లన్నీ ఒకే సైజులో ఉండాలి. అందువల్ల రుచితో నిమిత్తం లేకుండా, ఎవరు తూచినా ఒకే జవాబు వచ్చే కొలత కావలసి వచ్చింది. పౌండుకెన్ని అని లెక్కపెట్టడం అలాంటి కొలత. అందులో వాదనకు చోటుండదు. కొనేవాడి తూకం పౌండు కాబట్టి కొలత పౌండులో స్థిరపడింది.

దేశం దాన్ని చట్టంలోకి ఎక్కించింది. 1955లో జీడిపప్పు ఎగుమతి ప్రోత్సాహక మండలి ఏర్పడింది. 1963 నాటి ఎగుమతి నాణ్యత చట్టం కింద పప్పుకు 33 తరగతులు నిర్ణయించారు. వాటిలో బజారులో నిజంగా తిరిగేవి 26. తెల్ల గుండ్లు డబ్ల్యూ. వేడికి కాస్త రంగు మారినవి ఎస్‌డబ్ల్యూ. నిలువునా రెండుగా విడిపోయినవి బద్దలు. అడ్డంగా విరిగినవి వేరు, పెద్ద ముక్క వేరు, చిన్న ముక్క వేరు, అన్నిటికన్నా అడుగున నలుసుల్లాంటి బేబీ బిట్స్. తేమ వందకు 5 వంతులు మించకూడదు.

ఈ పట్టికను కాగితం మీద చదివితే అధికారుల పనిలా అనిపిస్తుంది. పలాసలో పిక్క వెంట నడిస్తే ఇది ఎవరి చేతుల మీద నడుస్తోందో తెలుస్తుంది. ఇక్కడ రెండు వందలకు పైగా చిన్నా పెద్దా ఫ్యాక్టరీలున్నాయి. ఎండిన పిక్కల్ని ముందు ఆవిరిలో ఉడకబెడతారు. చల్లారాక ఆడవాళ్లు కట్టింగ్ మిషను ముందు కూర్చుంటారు. కాలితో తొక్కితే కత్తి దిగి పెంకు విడిపోతుంది. లోపలి పప్పు విరగకుండా ఆ కత్తి ఆగాలి. పెంకులో ఉండే జీడి నూనె చర్మాన్ని కాల్చేస్తుంది; చేతులకు ఆముదమో బూడిదో రాసుకుని పని చేస్తారు, అయినా వేళ్లు నల్లబడి పొక్కిపోతాయి. ఆ పప్పును బోర్మా అనే వేడిగదిలో ఆరబెడితే ఎర్రపొర ఊడడానికి వీలుగా వదులవుతుంది. పొర తీయడం మళ్లీ చేతిపనే. అప్పుడు గ్రేడింగు.

గ్రేడింగు గది నిశ్శబ్దంగా ఉంటుంది. ముందు పోసిన కుప్పలోంచి ఒక్కో గుండూ ఎటు పోవాలో చూపుతోనే తేలిపోతుంది. 240 రకం గుండు సుమారు 1.9 గ్రాములు, 320ది 1.4 గ్రాములు. తేడా అర గ్రాము. త్రాసు ముట్టుకోకుండా ఆ అర గ్రాము ఎలా తెలుస్తుందని అడిగితే 'సెయ్యే సెప్పేస్తది బాబూ' అంటారు. తర్వాత మేస్త్రీ గుప్పెడు తీసి తూచి లెక్కపెడితే సరిగ్గా సరిపోతుంది. గుండుగా ఉంటే ఒక ధర, కత్తి కింద రెండైతే బద్ద ధర, నలిగితే ముక్క ధర. ఈ మెట్ల మధ్య తేడా అంతా ఆ కాలి తొక్కుడులోనూ ఈ వేళ్లలోనూ ఉంది. అయినా కూలి కిలో లెక్కనే వస్తుంది. నా మటుకు నాకు ఈ వర్గీకరణ కథలో కొల్లం వర్తకుల పేర్ల కన్నా ముందు చెప్పాల్సింది ఈ చేతుల సంగతే.

కొలిస్తే తేలే గుణంతో ధర కట్టడం ఇక్కడే పుట్టిన ఆలోచన కాదు. జర్మనీ ద్రాక్ష సారాయికి, అంటే వైనుకు, ఇదే జరిగింది. మన ఇళ్లలో వైను అలవాటు లేనివాళ్లే ఎక్కువ. అయినా చదువులకూ కొలువులకూ ఫ్రాంక్‌ఫర్ట్ చేరిన మన పిల్లలు శ్రీకాకుళంలోనూ విజయనగరంలోనూ వీధికొకరున్నారు. ఆ నగరానికి గంట దూరంలోనే రైన్‌గావ్ ద్రాక్షతోటలు. అక్కడి సీసా మీది చీటీ చూసి బిక్కమొహం వేసేవాళ్లకు పలాస డబ్బాల లెక్క తెలిస్తే సగం పని అయిపోయినట్టే. మిగతా సగం తెలియాలంటే ఆ చీటీ ఎలా తయారైందో చెప్పుకోవాలి.

రైన్ నది ఒడ్డున జోహానిస్‌బర్గ్ అనే కొండ మీద పాత మఠం ఉంది. ఫుల్డా మఠాధిపతులు దాన్ని కొని 1720లో కొండంతా రీస్లింగ్ ద్రాక్ష నాటించారు. కోత మొదలుపెట్టాలంటే ఏటా ఫుల్డా నుంచి అనుమతి రావాలి. 1775లో అనుమతి తెచ్చే దూత రోజుల తరబడి ఆలస్యంగా వచ్చాడట. ఈలోగా పండ్లు చెట్టునే ముడుచుకుపోయి బూజు పట్టాయి. పోయిన పంటే అనుకుంటూ పిండి పెట్టారు. మరుసటి వసంతంలో రుచి చూస్తే అంతకు ముందెన్నడూ ఎరగని మధురం. అప్పటినుంచి కావాలనే ఆలస్యంగా కోయడం మొదలుపెట్టారని ఆ తోటవాళ్లు చెప్పుకునే కథ. ఆ దూత విగ్రహం గుర్రం మీద ఇప్పటికీ ఆ ఆవరణలో ఉంది. కథలో అతిశయం ఎంత ఉన్నా లోపలి శాస్త్రం నిజం. ఆ బూజు పండు తొక్కను సన్నగా తూట్లు పొడుస్తుంది, నీరు ఆవిరైపోతుంది, చక్కెర మిగులుతుంది. ఇలా ఆలస్యంగా కోసిన పంటకు ష్పేట్‌లేజ అని పేరొచ్చింది.

ఆలస్యం, పండిన తీరు, తీపి: ఇవన్నీ నాలుకతో చెప్పే మాటలు. వీటికి అంకె వేసినవాడు ఫెర్డినాండ్ ఓక్స్‌లే. 1774లో పుట్టాడు. నగల పనికి పేరుపడ్డ ఫోర్ట్స్‌హైమ్ ఊళ్లో బంగారం పనీ యంత్రాల పనీ చేసేవాడు. పిండిన ద్రాక్షరసంలో తేలే ఒక కొలత గొట్టాన్ని 1830 ప్రాంతానికి ఆయన వాడుకలోకి తెచ్చాడు. బెల్లం పాకం ముదిరినకొద్దీ గరిటె బరువెక్కినట్టే, రసంలో చక్కెర పెరిగినకొద్దీ రసం చిక్కబడి గొట్టం పైకి తేలుతుంది. లెక్క చాలా తేలిక. లీటరు నీళ్లు వెయ్యి గ్రాములు. లీటరు ద్రాక్షరసం 1,090 గ్రాములు తూగితే అది 90 డిగ్రీల ఓక్స్‌లే. ఆ రసం పూర్తిగా పులిస్తే సుమారు నూటికి పన్నెండు పాళ్ల ఆల్కహాలు వస్తుంది. ఇంత చిన్న గొట్టంతో తోట యజమానీ, వర్తకుడూ, సుంకం అధికారీ ఒకే అంకె చదవగలిగారు.

అయితే అప్పట్లో ధరను నడిపింది ఆ అంకె కాదు, నేల. 1867లో డూంకెల్‌బెర్గ్ అనే ఆచార్యుడు రైన్‌గావ్ తోటలకు రంగుల పటం గీశాడు. మరుసటి ఏడాది మోసెల్, సార్ లోయలకు ప్రష్యా ప్రభుత్వం మరో పటం అచ్చువేసింది. ఏ వాలులో పంటకు ఎంత రాబడి వస్తుందో చూసి పన్నుకోసం వేసిన తరగతులవి. ముదురు రంగున్న చోట పన్నెక్కువ, అక్కడి వైనుకు ధరా ఎక్కువే. మన రైతువారీ సెటిల్‌మెంటు రిజిస్టర్లలో తరం అనే గడి ఉండేది కదా, నేల మంచిదైతే శిస్తు ఎక్కువని. అదే పద్ధతి. శిస్తు వసూలుదారుడు మొహమాటానికి పోడు కాబట్టి ఆ పటాలకు విలువుంది. నూటయాభై ఏళ్ల తర్వాత కూడా జర్మనీ వైను వర్తకులు వాటిని ముందు పెట్టుకుని వాదించుకుంటున్నారు. 1900 ప్రాంతంలో లండన్ వర్తకుల ధరల పట్టికల్లో రైన్, మోసెల్ మేటి వైన్లు ఫ్రాన్సు మేటి వైన్ల సరసన, కొన్నిసార్లు వాటికి పైన ఉండేవి. సీసా మీద ఊరి పేరూ తోట పేరూ ఉంటే చాలు.

రెండు ప్రపంచ యుద్ధాలు ఆ బజారును కూల్చేశాయి. 1971లో పశ్చిమ జర్మనీ కొత్త వైను చట్టం తెచ్చింది. అందరికీ సమానావకాశం ఇవ్వాలన్న సదుద్దేశం దాని వెనక ఉంది. ఏ నేలైనా సరే, రసంలో ఓక్స్‌లే డిగ్రీ వస్తే ఆ హోదా ఇవ్వాలన్నారు. మెట్లు ఇలా కట్టారు: కాబినెట్‌కు ప్రాంతాన్ని బట్టి 67 నుంచి 82 డిగ్రీలు, ష్పేట్‌లేజకు 76 నుంచి 90, ఏరి కోసిన గుత్తుల అవుస్‌లేజకు 83 నుంచి 100, ఏరిన పండ్ల బేరెన్ అవుస్‌లేజకు 110 నుంచి 128. చెట్టునే ఎండుద్రాక్షలా ముడుచుకున్న పండ్లతో చేసే ట్రోకెన్‌బేరెన్ అవుస్‌లేజకు 150 పైన. గడ్డకట్టిన పండ్లను మంచులోనే కోసి పిండే ఐస్‌వైన్‌కు 1982లో సొంత మెట్టు ఇచ్చారు. ఈ హోదాలున్న రసంలో బయటి చక్కెర కలపకూడదు. దిగువ తరగతిలో పులియకముందు కలుపుకోవచ్చు.

ఇక్కడే కొత్తవాళ్లు తడబడేది. ఈ మెట్లు ద్రాక్షలో ఉన్న చక్కెరను చెబుతాయి, సీసాలో మిగిలిన తీపిని కాదు. ష్పేట్‌లేజ అని ఉంటే తియ్యగా ఉంటుందని కొని, కింద ట్రోకెన్ అనే మాట చూడకపోతే నాలుక ముడుచుకుంటుంది. ట్రోకెన్ అంటే చక్కెరంతా దాదాపు ఆల్కహాలుగా మారిపోయిందని. లీటరుకు 9 గ్రాములకు మించి తీపి మిగలకూడదు. కాబట్టి చీటీ మీద రెండు విషయాలూ విడివిడిగా చదవాలి.

మెట్టు ఎక్కినకొద్దీ ధర ఎందుకు ఎగబాకుతుందో తోటలో తెలుస్తుంది. కాబినెట్ మామూలు కోతే. మంచి తోటది కూడా ఇరవై యూరోల లోపు తరచుగా దొరుకుతుంది. ట్రోకెన్‌బేరెన్‌కు నిటారు వాలు మీద గుత్తి గుత్తీ వెతికి ముడుచుకున్న పండ్లను ఒక్కొక్కటిగా గిల్లాలి. మనిషి రోజంతా ఏరితే ఒక సీసాకు సరిపడా రావడం గగనం. బూజు అన్ని ఏళ్లూ పట్టదు. వాన పడితే పంట మొత్తం పోతుంది. ట్రియర్ పట్టణంలో ఏటా జరిగే వేలంలో షార్ట్స్‌హోఫ్‌బెర్గ్ తోట నుంచి వచ్చే ఈ రకం సీసా వేల యూరోలు పలుకుతుంది.

పైమెట్ల విషయంలో 1971 చట్టం పెద్ద చేటు చేయలేదు. చేటు జరిగింది మధ్యలో, నేల పేరు దగ్గర. అప్పటిదాకా సుమారు 30 వేల తోట పేర్లుండేవి. వాటిని కలిపి కుదించి 2,600 చేశారు. ఒక పేరుకు కనీసం 5 హెక్టార్లుండాలన్నారు. ఆ పైన చాలా ఊళ్ల తోటల్ని ఒకే పేరు కింద చేర్చి పెద్ద తోట అన్నారు. పీస్‌పోర్ట్ ఊరి ఉదాహరణ చూడండి. ఆ ఊరి వెనక నల్లరాతి పలకల నిటారు వాలు మీద గోల్డ్‌ట్రోప్ఫ్‌హెన్ అనే తోట ఉంది. మిషెల్స్‌బెర్గ్ అనే పేరు కింద చుట్టుపక్కల ఊళ్ల చదును పొలాలెన్నో ఉన్నాయి. రెండు సీసాల మీదా ముందు పీస్‌పోర్టర్ అని ఊరి పేరు, తర్వాత తోట పేరు, ఒకే వరసలో ఒకే అచ్చులో. కొనేవాడికి తేడా తెలిసే దారి లేదు. చదును పొలంలో త్వరగా పండి చక్కెర పట్టే కొత్త సంకరాలు, ఓర్టెగా, ఆప్టిమా వంటివి, నాటితే డిగ్రీ సులువుగా వచ్చేది. రీస్లింగ్‌కు నవంబరు దాకా ఆగాల్సిన రైతు నష్టపోయాడు. ఊరి పేరుతో చవక తీపి వైను లక్షల సీసాలు విదేశాలకు పోయింది. నాలుగు తరాలు కూడబెట్టిన పేరు ఇరవై ఏళ్లలో చవక సరుకుకు గుర్తయింది. ఆ చట్టం రాసినవాళ్లకు కొలవగలిగినదే నాణ్యత అన్న నమ్మకం గట్టిగా ఉండి ఉండాలి. అది ఎంత నష్టం చేసిందో చూస్తే బాధ కలుగుతుంది.

దిద్దుబాటు రైతుల వైపు నుంచే వచ్చింది. 1910లో ఏర్పడిన ఒక తోట యజమానుల సంఘం, ఇప్పుడు వీడీపీ అంటారు, పాత పన్ను పటాలను మళ్లీ తెరిచింది. సీసా మెడ మీద ద్రాక్షగుత్తి పట్టుకున్న గద్ద బొమ్మ ఉంటే ఈ సంఘం సరుకని గుర్తు. మేటి వాలుల్లో పండిన ట్రోకెన్ వైనుకు గ్రోసెస్ గెవెక్స్ అనే హోదా పెట్టారు. 2012లో నాలుగు మెట్లు ఖాయం చేశారు: కమతం పేరుతో వచ్చేది, ఊరి పేరుతో వచ్చేది, మంచి తోటది, మేటి తోటది. ఈ మెట్లు కట్టింది చక్కెర డిగ్రీ మీద కాదు, నేల మీద. ఎండలు ముదిరిన ఈ కాలంలో 90 డిగ్రీలు మామూలు తోటకూ వస్తున్నాయి కాబట్టి ఆ అంకెకు పాత అరుదుతనం ఎలాగూ పోయింది. 2021లో ప్రభుత్వమూ చట్టం మార్చింది. సీసా మీది చోటు ఎంత చిన్నదైతే కట్టుబాట్లు అంత గట్టిగా ఉండాలన్నది కొత్త సూత్రం. మిషెల్స్‌బెర్గ్ లాంటి పెద్ద తోటల పేర్ల ముందు 2026 పంట నుంచి రీజియన్ అనే మాట వేయాలి. పేరు చదివి మోసపోయే వీలు అప్పుడు తగ్గుతుంది.

ఈ కథ తెలిశాక పలాస డబ్బా మీది 240ని చూస్తే నాకు అందులో లేనిదే ముందు కనిపిస్తుంది. ఆ అంకె చెప్పేది సైజు మాత్రమే. ఎక్కడి పిక్కో అందులో లేదు. వేసవిలో మన పంట అయిపోయాక ఫ్యాక్టరీలు నడవాలంటే పిక్క కావాలి. బెనిన్, ఐవరీ కోస్ట్, టాంజానియాల నుంచి ఓడల్లో వస్తుంది. కొల్లం కూడా 1930ల నుంచే తూర్పు ఆఫ్రికా పిక్క మీద ఆధారపడింది. కూలీకి ఏడాది పొడుగునా పని దొరికిందంటే అందువల్లే. దాన్ని తప్పుపట్టలేం. ఆ పప్పు పాడైనదీ కాదు. ఉద్దానం రైతు అడిగేది వేరే: పలాస పప్పు అన్న పేరు మా నేల రుచితో వచ్చింది, ఆ పేరు మీద అమ్మిన సరుకులో మా పిక్క ఎంతో చెప్పండని.

కొనేటప్పుడు వ్యాపారి ఆ సంగతి ఎంత పట్టిపట్టి చూస్తాడో గమనిస్తే ఈ అడగడంలోని న్యాయం తెలుస్తుంది. పిక్క బేరం 80 కిలోల బస్తా లెక్కన సాగుతుంది. బస్తాలోంచి గుప్పెడు తీసి కోసి చూస్తారు. పప్పు నిండుగా ఉందా, ముడుచుకుందా, మచ్చ పడిందా అని వేరుచేస్తారు. దీనికి ప్రపంచమంతటా ఒకే కొలత ఉంది: 80 కిలోల బస్తాకు ఎన్ని పౌండ్ల పనికొచ్చే పప్పు వస్తుందని. మళ్లీ పౌండే. 48 అన్నారంటే బస్తాకు 21.8 కిలోల పప్పు. బస్తాకు 16 వేల రూపాయలు ఇవ్వాలని మన రైతులు ఇటీవలి సీజన్లలో రోడ్డెక్కారు. ఆ లెక్కన, 48 కొలత వచ్చే బస్తాలో పప్పు కిలో 734 రూపాయలు పడుతుంది, ఉడకబెట్టే ఖర్చూ కూలీ కలపకముందే. దిగుమతి పిక్క అంతకు తక్కువకు దొరికితే వ్యాపారి ఇటు ఎందుకు చూస్తాడు? రెండింటిలోనూ వచ్చేది 240 అయినప్పుడు అమ్మే ధరా ఒకటే. పిక్క కొన్నంతసేపూ ఏ ఊరిదో, ఏ దేశానిదో లెక్కలోకి వస్తుంది. పొర తీసిన క్షణం నుంచి ఆ సంగతి ఎక్కడా రాయరు.

కొలత విత్తనం దాకా కూడా వెళ్లింది. బాపట్ల పరిశోధన కేంద్రం ఇచ్చిన బీపీపీ 8 రకం మన జిల్లాల్లో బాగా తెలిసిందే. దాని గుణాల పట్టికలో పిక్క బరువు 8 గ్రాముల పైచిలుకు, పప్పు శాతం 29 అన్న వాటి పక్కనే ఎగుమతి తరగతి డబ్ల్యూ 210 అని రాస్తారు. చెట్టును ఎంచుకునేటప్పుడే డబ్బా మీది అంకె చూస్తున్నామన్నమాట. రైతుకు దిగుబడీ సైజూ కావాలి, అందులో సందేహం లేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటి ఉద్దానంలో ముప్ఫై నలభై ఏళ్ల జీడిచెట్లను వేళ్లతో పెకలించింది. ఆ గుంటల్లో నాటిన అంట్లు ఇప్పుడు కాపుకొచ్చాయి. నాటుచెట్ల చిన్న పిక్క తియ్యగా ఉంటుందని పెద్దలు చెప్పే మాటకు మాత్రం పట్టికలో గడి లేదు. జర్మనీలో ఓర్టెగా, ఆప్టిమాలు నాటిన రోజుల్లోనూ రీస్లింగ్ రుచికి గడి లేకపోయింది.

అంకెలు తీసేయాలని నేననను. 26 తరగతుల పట్టిక లేకపోతే కొనేవాడూ అమ్మేవాడూ రోజూ కొట్లాడుకోవాల్సిందే, అందులో నష్టపోయేది ముందు చిన్న ఫ్యాక్టరీ. జర్మనీ వాళ్లూ ఓక్స్‌లే గొట్టాన్ని పారేయలేదు. తోట పేరుకు కట్టుబాటు పెట్టి దాని పక్కన నిలబెట్టారు. పలాసలోనూ డబ్బా మీద 240 కింద పంట ఏడాది, పిక్క ఏ ప్రాంతానిది అనే రెండు గీతలు వేయడానికి కొత్త యంత్రం ఏదీ అక్కర్లేదు. బస్తా కొన్న చీటీలో ఆ వివరం ముందే ఉంది. ఉద్దానం పిక్కనూ దిగుమతి పిక్కనూ వేరు వేరు రోజుల్లో ఉడకబెట్టి, వేరు బోర్మాల్లో ఆరబెట్టి, గ్రేడింగు గదిలో కుప్పలు కలవకుండా చూస్తే చాలు. ఖర్చు కొంత పెరుగుతుంది. ఆ ఖర్చు పెట్టుకోవడానికి కొనేవాళ్లు సిద్ధమని వ్యాపారికి తెలియాలి. కాబట్టి ఈసారి కాశీబుగ్గ వెళ్లినప్పుడు 240 ఎంత అని అడిగాక, ఇది వజ్రపుకొత్తూరు పిక్కా, మందస పిక్కా, ఓడలో వచ్చిందా అని కూడా అడగండి. దుకాణదారుల్లో చాలామందికి ఆ జవాబు తెలుసు.